అంకెల పక్కన అక్షరం

అల్వాల్ నుంచి సికింద్రాబాద్ పోయే బస్సులో నా పక్కన కూర్చున్న టీచరమ్మ పిల్లల నోటుబుక్కులు దిద్దుతోంది. అంకెల పక్కన ఒక అక్షరం కనబడింది. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసి ఇంటి జాగా పోగొట్టుకున్నాకే చదువు నేర్చినవాణ్ణి. నాకు అనుమానం వచ్చింది.

“అంకె ఉండాల్సినకాడ అక్షరమేందమ్మా?”

“అది ఎక్స్, తాతా. ఎంతో ఇంకా తెల్వది. తర్వాత ఏ అంకెనైనా పెట్టొచ్చు.”

“నా వేలిముద్ర తీసుకున్నోళ్లు సుత గిదే చెప్పిన్రు.”

మా అన్న కొడుకు సంతకం పెట్టమని ఇచ్చిన కాగితం తీసి, అందులోని ఖాళీ చూపించాను. “గిది సుత ఎక్సేనా?”

“కాదు తాతా. ఎక్స్ రాస్తే, ఇక్కడ తెల్వనిది ఒకటున్నదని ముందే చెప్పినట్టు. గిది ఉత్త ఖాళీ.”

నేను దిగిన స్టాపులో మా అన్న కొడుకు పెన్ను పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందు ఖాళీ నింపమన్నాను. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది, ఖాళీతో సహా.