ఖెమైస్ పడిపోయిన రోజు

మా మహ్దియా ఊరి ఫుట్‌బాల్ జట్టుకి ముప్ఫై ఏళ్ళు సామాను చూసుకున్నవాణ్ణి నేను. బంతులకి గాలి కొట్టడం, బూట్లు తుడవడం, బట్టలు ఉతకడం నా పని. ఆటగాళ్ళ గురించి పేపర్లో రాసేది నేను చదవను. నిక్కరు చూస్తే చాలు, మనిషి తెలిసిపోతాడు. గోల్స్ కొట్టే మొనగాళ్ళ నిక్కర్లకి వెనకవైపు గడ్డి మరకలుంటాయి. గాలి తగిలినా పడిపోతారు, రిఫరీ చూసేదాకా పొర్లుతారు. ఖెమైస్ నిక్కరుకి మరకంతా తొడ పక్కన, బంతి కోసం జారిన చోట ఉంటుంది. వెనకవైపు పదహారేళ్ళలో ఒక్క మరక లేదు.

వాడు డిఫెండరు. జట్టు గెలిస్తే ఎవరికీ గుర్తుండడు, ఓడితే ఊరంతటికీ గుర్తుంటాడు. మొత్తం మీద వాడు కొట్టిన గోల్స్ రెండు, అందులో ఒకటి మా గోల్లోకే. ఆ వారం రేవులో చేపలవాడు వాడికి సార్డీన్ చేపల తలలు సగం అటు, సగం ఇటు పెట్టి చుట్టిచ్చాడు.

"ఎటు కొట్టాలో తెలియనివాడికి ఎటు పెట్టిస్తే ఏంటిలే," అన్నాడు.

ఖెమైస్ కూడా నవ్వి కొనుక్కుపోయాడు. ముక్కు రెండుసార్లు విరిగింది. రెండుసార్లూ నిలబడే కట్టు కట్టించుకున్నాడు.

వాడిలా పడకపోవడం వెనక వాళ్ళమ్మ ఉంది. దూజా అంటారు, రేవులో వలలు బాగుచేసేది. వాడు పడవ పని మానేసి జట్టులో చేరతానన్న రోజు ఆవిడ ఒకటే మాట అంది.

"ఆడుకో. కానీ నిన్ను నలుగురు మోసుకొచ్చిన రోజున నీ బూట్లు సముద్రంలో పారేస్తా. మీ నాన్నని అలా మోసుకొస్తే చూశాను. ఇంకోసారి చూడలేను."

"నా కాళ్ళతోనే వస్తానమ్మా," అన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు. ఆవిడ మాత్రం భయంతో ఏనాడూ మైదానం గడప తొక్కలేదు.

ముప్ఫై అయిదో ఏట మోకాలు ఇక చాలంది. చివరి ఆట రంజాన్ నెలలో పడింది. ఉపవాసం విడిచాక తాగే చోర్బా సూపు గిన్నె, గరిటె గుడ్డలో మూటగట్టుకుని అమ్మ మొదటిసారి వచ్చి కూర్చుంది.

"ఈ ఒక్కటీ నడిచి బయటికొచ్చేస్తే చాలు మామా," అన్నాడు ఖెమైస్, నాచేత మోకాలికి పట్టీ వేయించుకుంటూ. వాడికి ఇంకే కోరికా లేదు.

అందరూ ఉపవాసంలో ఉన్నారు. పొద్దుగూకింది, ఇక తినొచ్చని కోట మీద ఫిరంగి పేలేసరికి రెండో సగం నడుస్తూ ఉంటుంది. రంజాన్ ఆటల్లో మామూలుగా సరిగ్గా ఆ వేళకే మా గోలీ షెడ్లీకి నడుం పట్టేస్తుంది. ఆట ఆగుతుంది. వైద్యుడు వాడి నడుం పిసుకుతుంటే రెండు జట్లూ గీత దగ్గరికొచ్చి నా సంచిలో ఖర్జూరాలు తిని, నీళ్ళు తాగుతాయి. రిఫరీలు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. కానీ ఆ రోజు వచ్చినవాడు కొత్తవాడు, రూల్సు పుస్తకం దాటి అడుగెయ్యని రకం. షెడ్లీకి అప్పటికే ఒక పసుపు కార్డు ఇచ్చాడు. విరామంలో దగ్గరికి పిలిచి, "నీ నడుం సంగతి విన్నాను. ఫిరంగి పేలాక పడ్డావో, రెండో కార్డు ఇచ్చి బయటికి పంపుతా," అన్నాడు.

షెడ్లీ వచ్చి ఈ మాట చెప్పగానే గదిలో అందరూ ఖెమైస్ వైపు చూశారు.

"నేనా? నేను పడను."

"నువ్వైతేనే నమ్ముతాడన్నా," అన్నాడు షెడ్లీ. "నేను నిజంగా చచ్చినా వాడు కార్డే చూపిస్తాడు."

"మా అమ్మ వచ్చిందిరా!"

"అమ్మకి నేను ముందే చెప్తాలే," అన్నాను నేను.

ఎండిపోయిన పెదాలన్నీ ఒకసారి చూసి ఖెమైస్ సరేనన్నాడు. నేను ఖర్జూరాల్లో గింజలు తీస్తూ కూర్చుని ఆవిడకి చెప్పడం మర్చిపోయాను. ఇందులో తప్పంటూ ఉంటే అది నాదే.

ఫిరంగి పేలింది. ఎదుటి జట్టు సబ్రీ పక్కనుంచి పోతుంటే ఖెమైస్ దభేల్మని వెల్లకిలా పడ్డాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. వీడిది మరీ అతికిపోయింది. పదహారేళ్ళు పడనివాడు పడ్డాడని మైదానమంతా లేచి నిలబడింది. "నేను ముట్టుకోలేదు, ఒట్టు!" అని సబ్రీ తల పట్టుకున్నాడు. అంతా తెలిసిన షెడ్లీయే ఏడుపు మొహంతో, "నిజంగానే తగిలిందేమో," అన్నాడు. రిఫరీ తనే చెయ్యూపి స్ట్రెచర్ పిలిచాడు. నేను గీత మీంచి "తినండ్రా!" అని అరుస్తుంటే, "నీకు గుండె లేదా ముసలోడా?" అని నన్నే తిట్టారు. ఒక్కడూ ఖర్జూరం ముట్టలేదు.

దూజా చేతిలో గరిటెతో కంచె దాటేసింది. అరవై రెండేళ్ళ మనిషి! నేను నీళ్ళసీసా, గుప్పెడు ఖర్జూరాలు పట్టుకుని ఆవిడ వెనకే పరిగెత్తాను. ఆవిడ కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని, "నా తండ్రీ, కళ్ళు తెరవరా," అంటూ చెంపలు తడుతోంది.

వాడు ఒక కన్ను తెరిచాడు. "ఏం కాలేదమ్మా. వీళ్ళు నాలుగు ఖర్జూరాలు తింటారని పడ్డాను."

ఆవిడ మొహం తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. గరిటె వాడి నెత్తిన పడుతుందనే అనుకున్నాను. ఆవిడ చుట్టూ ఉన్న ఆటగాళ్ళ ఎండిపోయిన మొహాలు ఒకసారి చూసింది. కొడుకు తొడ మీద గట్టిగా గిల్లింది. వాడు నిజంగానే "అమ్మో!" అన్నాడు. అప్పుడు ఎత్తుకుంది శోకం, కోట దాకా వినబడేలా.

"అయ్యో నా కొడుకో! మీదపడకండి, గాలాడనివ్వండి! దూరంగా పొండి! అదిగో, ఆ సంచి దగ్గరికి పొండి!"

అప్పటికి గాని ఆ మొద్దులకి అర్థం కాలేదు. రెండు జట్లూ నా సంచి మీద పడ్డాయి.

స్ట్రెచర్ వచ్చింది. ఆవిడ గరిటె ఎత్తింది. "మొయ్యడానికి వాడేమన్నా గోధుమ బస్తానా? నడిచే వస్తాడు. తీసుకుపొండి దాన్ని!"

"అమ్మా, ఇంకా ఎంతసేపు?" అన్నాడు రిఫరీ.

"నువ్వూ ఉపవాసమేనా నాయనా?"

అతను అనుకోకుండా తలూపాడు. ఆవిడ నా చేతిలోంచి ఒక ఖర్జూరం లాక్కుని అతని నోట్లో పెట్టేసింది. "ముందు ఇది నములు. ఈల తర్వాత ఊదొచ్చు."

నోట్లో ఖర్జూరంతో ఈల ఎలా ఊదుతాడు? తిరిగి చూస్తే నా సంచి ఖాళీ.

ఖెమైస్ లేచి గీత అవతలికి నడిచి వెళ్ళాడు. రిఫరీ సైగ చేశాక మళ్ళీ లోపలికొచ్చి చివరిదాకా ఆడాడు. ఎవరూ గోల్ కొట్టలేదు. ఆట అయిపోయాక వాడు తన కాళ్ళతోనే, అమ్మ పక్కన, బయటికొచ్చాడు. గుమ్మం దగ్గర ఆవిడ ఆగి చెయ్యి చాపింది.

"బూట్లు ఇటివ్వు."

"నడిచే వచ్చాను కదమ్మా! సముద్రంలో ఎందుకు?"

"సముద్రంలో కాదులే. పదహారేళ్ళు గడపలో కూర్చుని వీటి చప్పుడు కోసం చెవులు రిక్కించుకున్నాను. ఇవి నావి."

ముక్కు విరిగినా ఏడవనివాడు అక్కడే కూర్చుని బూట్లు విప్పుతూ ఏడ్చాడు. తర్వాత ఆవిడ చంకలో బూట్లతో ముందు, వాడు గిన్నె పట్టుకుని వట్టి కాళ్ళతో వెనక, ఇంటికెళ్ళారు.

నిక్కరు మాత్రం నా దగ్గరే ఉంది. వెనకవైపు అరచేతంత గడ్డి మరక. నేను ఉతకలేదు.