సాకుల క్లాసు

మా ఇంగ్లీషు సార్ పోయారు. ఆ రోజు పొద్దున నా క్లాసులో హాజరు తీసుకుంటుండగా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కబురు వచ్చింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. క్లాసు అయ్యేసరికి గ్రూపు ఆ బొమ్మలతో నిండిపోయింది. ఆ చేతుల్లో కొన్నయినా సార్ గుమ్మం దాకా వస్తాయని నమ్మాను. నా కోపం ఇంకా చల్లారలేదు. సంతాపం రాసేటప్పుడు ఉండాల్సిన మెత్తదనం ఇందులో వెతకొద్దని చదివేవాళ్ళకు ముందే చెబుతున్నాను.

సార్ భద్రాచలంలో మాకు డిగ్రీ పాఠాలు చెప్పారు. వాళ్ళది ఖమ్మంలో తరతరాలుగా బట్టల వ్యాపారం చేసే ముస్లిం కుటుంబం. అన్నదమ్ములు దుకాణాల్లో కూర్చుంటే ఈయన పుస్తకాలు పట్టుకుని అడవి దారి పట్టారు. రిటైరయ్యాక ఖమ్మం తిరిగొచ్చి, ఖానాపురం హవేలి కాలనీలో కిరాయి ఇంట్లో ఉన్నారు. పిల్లలు లేరు. "గింతమంది ఉండంగ ఇంకేం పిల్లలు?" అని సార్ భార్య మా వైపు చూపించేది. ఆమెను మేమంతా అమ్మ అనే పిలుస్తాం.

సార్ బుగ్గన లవంగం పెట్టుకుని క్లాసుకు వచ్చేవారు. సుద్దముక్క విరిచి సగం తన దగ్గర ఉంచుకుని, సగం ముందు బెంచీలో ఎవరికో ఇచ్చేవారు. "నేను తప్పు చెప్తె నువ్వొచ్చి దిద్దు బేటా" అనేవారు. ఎవరమూ లేచేవాళ్ళం కాదు. అయినా రోజూ ఇచ్చేవారు.

మాకు ఆయన చెప్పిన పాఠాల్లో ఒక అమెరికా నవల ఉండేది. డబ్బు గురించిన నవల. ఒకాయన ఎట్లాగో బాగా సంపాదించి పెద్ద ఇల్లు కడతాడు. వారం వారం విందులు ఇస్తాడు. ఊరంతా వచ్చి తిని తాగి పోతుంది. నీళ్ళకు అవతల, తాను ప్రేమించిన ఆమె ఇంటి రేవులో ఒక ఆకుపచ్చ దీపం. ఆయన దాన్నే చూస్తూ బతుకుతాడు. చివరికి చచ్చిపోతాడు. విందులకు వచ్చిన జనం చావుకు రారు. కథ ఇంతే. బజారు గైడ్‌లో మాత్రం ఆకుపచ్చ దీపం అంటే ఆశ, బూడిద అంటే పతనం అని వరసగా అచ్చేసి ఉండేది. గైడ్ కనపడితే సార్‌కు ఒళ్ళు మండేది.

"సింబల్ వెతకకున్రి. మనిషిని వెతుకున్రి. సింబల్ ఎటు పోతది, అక్కడ్నే ఉంటది" అనేవారు.

ఒకసారి మమ్మల్ని పర్ణశాల తీసుకుపోయి, చీకటి పడుతుండగా గోదావరి ఒడ్డున కూర్చోబెట్టారు. అవతలి ఒడ్డున ఒక దీపం కనిపించింది. "ఏందది?" అని అడిగారు. "ఆశ సార్" అన్నాం, గైడ్ దయవల్ల. సార్ నవ్వలేదు.

"ఆశ కాదు, పాడు కాదు. అక్కడ ఎవరో కూర వండుకుంటున్నరు. మాడకుండ చూసుకోనీకె దీపం పెట్టుకున్నరు. నవలల ఆయన చేసిన తప్పు గదే బేటా. ఇంకొకరింట్ల దీపం తన కోసమే పెట్టిన్రనుకున్నడు."

ఆ మాట ఏ గైడ్‌లోనూ లేదు. నేనిప్పుడు ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పుకుని బతుకుతున్నాను. ఆ దీపం దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆ కూర గురించి చెబుతాను.

నవలలో బూడిద కప్పిన ఒక లోయ ఉంటుంది. దాని కోసం సార్ మమ్మల్ని ఎక్కడికీ తీసుకుపోలేదు. ఖమ్మం నుంచి వచ్చే బస్సు కరెంటు ఫ్యాక్టరీ పక్కగా వస్తుంది. ఒకసారి మాతో ఆ బస్సులో వస్తూ కిటికీ అద్దం మీద వేలితో గీసి, బూడిద అంటిన ఆ వేలు మాకు చూపించారు. "ఎవని ఇల్లో కరెంటుతోని సల్లబడాలె, ఇంకెవని కంచంలనో గిది పడాలె. ఉన్నోళ్ళు పగలగొట్టి పోతరు, లేనోళ్ళు ఊడుస్తరు. పరీక్షల గింత రాస్తె చాలు" అన్నారు. మేం రాశాం. మంచి మార్కులే వచ్చాయి.

ఆ నవల అయిపోయే రోజున ఏటా ఒక క్లాసు జరిపేవారు. సాకుల క్లాసు అని మేమే పేరు పెట్టుకున్నాం. మేమంతా ఆ విందులకు పోయినవాళ్ళమట. విందులిచ్చినాయన చచ్చిపోయాడని కబురు అందింది. ఎందుకు రాలేమో ఒక్కొక్కరం లేచి చెప్పాలి. బాగా చెప్పినవాళ్ళకు సార్ ఖర్చుతో క్యాంటీన్‌లో చాయ్. ఒకడు బర్రె ఈనిందన్నాడు. ఒకమ్మాయి అత్తగారు ఊరి నుంచి దిగిందన్నది, ఆమెకప్పటికి పెళ్ళే కాలేదు. అందరికంటే నోరున్న మావాడు ఒకడు లేచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "వద్దామనే ఉండె సార్, పని ఇడిసిపెడ్తలేదు. నా మనసంత అక్కడ్నే ఉంది" అన్నాడు.

సార్ చప్పట్లు కొట్టారు. "శభాష్! మనసును పంపిచ్చి మనిషి ఇంట్ల కూసున్నడు. గిదీ అసలైన సాకు. చాయ్ నీకే."

చివరి బెంచీలో పర్ణశాల అవతల అడవి పల్లె నుంచి వచ్చే కోయ మిత్రుడు ఉండేవాడు. అతని వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు.

"చెప్పు బేటా, ఎందుకు రాలే?"

"పోతా సార్."

"అరె, గిది సాకుల క్లాసు. పోనని చెప్పాలె."

"చావుకు పోకుండ ఎట్లుంటరు సార్? ఊరు ఊరంత పోతది."

క్లాసు పగలబడి నవ్వింది. పాఠం అర్థం కాలేదనుకున్నాం. సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నీకు సున్న మార్కులు బేటా" అన్నారు. ఆ రోజు చాయ్ ఇద్దరికీ ఇప్పించారు.

ఇక మొన్నటి సంగతి. సార్ తెల్లవారుజామున పోయారు. మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననం అనుకున్నారు. అమ్మ మసీదు పెద్దల్ని బతిమాలింది. "పిల్లలు దూరం కెల్లి రావాలె. జర అసర్ దాక ఆపున్రి" అన్నది. సాయంత్రం నమాజు దాకా ఆపారు. వీధిలో వాళ్ళు వచ్చారు, మసీదు వాళ్ళు వచ్చారు, చుట్టాలు వచ్చారు. ఆమె అడిగిన పిల్లల్లో మాత్రం అప్పటిదాకా నేను తప్ప ఎవరూ రాలేదు. మా బ్యాచ్‌లో సగం మంది ఖమ్మంలోనే కాపురం. ఇద్దరైతే ఆ కాలనీలోనే ఉంటారు. బండి స్టార్ట్ చేసి గేరు మార్చేలోపు సార్ ఇల్లు వస్తుంది.

గుండె మీద చెయ్యి పెట్టుకుని సాకు చెప్పినవాడు ఇప్పుడు పెద్ద రియల్ ఎస్టేట్ మనిషి. ఏన్కూరు దారిలో వాడి ప్లాట్ల బోర్డు ఉంది. బోర్డు నిండా నల్లద్దాలతో వాడి మొహమే. ఏడాదికోసారి ఫామ్‌హౌస్‌లో బ్యాచ్ మొత్తానికి దావత్ ఇస్తాడు. అప్పుడు ఎవరికీ అత్తగారు దిగదు, ఎవరి బర్రే ఈనదు. సార్‌ను కూడా ఒకసారి పిలిచి శాలువా కప్పి ఫోటోలు దిగాడు. ఖననం రోజున డ్రైవర్‌తో నిలువెత్తు పూలదండ పంపాడు. దండ మీద వాడి వెంచర్ పేరు. డ్రైవర్ దానికి ఫోటో తీసుకుని పోయాడు. కాసేపటికి ఆ ఫోటో గ్రూపులో ప్రత్యక్షమైంది. కింద రాశాడు: "పని వల్ల రాలేకపోయాను. నా మనసంతా అక్కడే ఉంది."

వాడికి ఆ మాట గుర్తుందో లేదో నాకు తెలియదు. గుర్తుండి రాస్తే దుర్మార్గుడు. గుర్తు లేక రాస్తే ఇంకా దుర్మార్గుడు. విందు తిని చావుకు రాని జనం గురించి పరీక్షలో పేజీలు నింపింది వీళ్ళే కదా. మార్కులు కొట్టేశారు. పాఠం సార్‌తోనే పోయింది.

"పిల్లలొచ్చిన్రా?" అని అమ్మ లోపలి నుంచి అడుగుతూనే ఉంది. "వస్తున్నరమ్మా" అంటూ నేను పళ్ళు కొరుక్కుంటూ గేటు దగ్గర నిలబడ్డాను.

సార్‌ను మోసే జనాజా లేపబోతుండగా కోయ మిత్రుడు ఆటో దిగాడు. అతను గ్రూపులో లేడు. పొద్దున నేనే ఫోన్ చేస్తే "వస్తున్న" అని పెట్టేశాడు. వెంట మరికొందరు ముసలివాళ్ళు దిగారు. చేతిలో బియ్యం మూట.

"వీళ్ళెవరు?" అన్నాను.

"మా ఊరోళ్ళు."

"సార్‌ను ఎరుగుదురా?"

"ఎరగరు. చావుకు ఒక్కడ్నే ఎట్లొస్త?" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు.

భుజం మార్చుకుంటూ వాళ్ళూ మోశారు. మసీదు పెద్ద ఎలా వెయ్యాలో చూపిస్తే, మూడు పిడికిళ్ళ మట్టి వేశారు. బియ్యం మూట అమ్మ చేతికిచ్చి, చీకటి పడకముందే బస్సుకు పోయారు.

మూడో రోజు జియారత్ నాడు అమ్మ ఆ బియ్యమే వండించింది. ప్రార్థన అయ్యాక పెద్ద కారు ఆగింది. మా రియల్ ఎస్టేట్ మిత్రుడు. వెంట కెమెరా పట్టుకున్నవాడు. వస్తూనే అమ్మ కాళ్ళకు దండం పెట్టాడు, వెంచర్‌లో ఒక వీధికి సార్ పేరు పెడతానన్నాడు. అమ్మ ఆ మాట విననట్టే లోపలికి పోయి, కంచం నిండా అన్నం పెట్టి తెచ్చి వాడి ముందు ఉంచింది.

"తిను బేటా. వచ్చినోళ్ళు తెచ్చిన బియ్యం."

వాడు కంచం వైపు చూశాడు, ఫోన్ వైపు చూశాడు. "ఇంకోసారి తింట అమ్మా. సైటు మీద జనం ఎదురుచూస్తున్నరు" అని లేచాడు. కారు వెళ్ళిపోయింది.

నేను కంచం తియ్యబోయాను. అమ్మ వద్దంది. దాని మీద ఇంకో కంచం బోర్లించింది. "ఉండనియ్యి. ఇంకెవరన్న పిల్లలు వస్తరేమో" అని, గుమ్మానికి ఎదురుగా కూర్చుంది.