బోణీ తలుపుకి కట్టిన గోడ

మా కారుకి ఎనిమిదేళ్ళ పాటు సొంత గది ఉండేది. పైన స్లాబు, కింద సిమెంటు గచ్చు, మూడు పక్కలా గోడలు. మా అత్తకి మాత్రం పద్దెనిమిది మెట్లు ఉండేవి. కూర్మన్నపాలెంలో మా ఇల్లు అలా అమరింది: కింది వాటా అద్దెకి, పైన మేము, పక్కన కారు. కింది వాటా ఖాళీ చేయించి ముసలమ్మని అక్కడ ఉంచొచ్చు కదా అని మీరు అడగొచ్చు. దానికి నా దగ్గర సమాధానం ఉంది గాని నలుగురిలో చెప్పుకునేది కాదు. అద్దె నెలనెలా వస్తుంది. అత్త ఒకసారి వచ్చి ఉండిపోయింది.

అత్త రెండు మోకాళ్ళూ అరిగిపోయాయని, ఆపరేషన్ చేసి మార్చాలని డాక్టరు చెప్పిన రోజు అందరం ఆసుపత్రి వరండాలో నిలబడ్డాం. ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు మెట్ల మాటే ఎత్తకూడదన్నాడు. "మా అపార్ట్‌మెంటుకి లిఫ్టుంది కదా, మా దగ్గరే ఉంటారు" అంది మా తోటికోడలు, లిఫ్టుని తనే కనిపెట్టినంత గర్వంగా.

అత్త నా మోచెయ్యి గిల్లింది. చెవి దగ్గరకొచ్చి, "తొమ్మిదో అంతస్తే అది. అందరూ తలుపులేసుకుని కూకుంటారు. మాటాడ్డానికి మనిసుండడు. నన్నక్కడికి పంపకే పిల్లా" అంది.

నా నోరు ఎప్పుడూ నాకన్నా ముందు నడుస్తుంది. "డిశ్చార్జి నాటికి కింద గది తయారుగా ఉంటాది. కారు షెడ్డునే గది సేసేస్తాను" అనేశాను. ఆపరేషనుకి ఇంకా మూడు వారాలుంది. గది అవ్వకపోతే మాత్రం తన ఇంటికే అని తోటికోడలు అందరి ముందూ ఒప్పందం రాయించినంత పని చేసింది. అత్త తలూపక తప్పలేదు.

మొదట మేస్త్రీని పిలిచి బేరం మొదలుపెట్టాను. బేరంలో నా ఆఖరి ఆయుధం లేచి వెళ్ళిపోవడం. నాలుగడుగులు వేస్తే చాలు, వెనకనుంచి పిలుపు వస్తుంది. కానీ ఆ రోజు బేరం జరుగుతున్నది నా ఇంట్లో, నేను లేచి ఎక్కడికి పోను? మేస్త్రీయే లేచాడు. బండి స్టార్ట్ చేశాడు. వెనక్కి తిరుగుతాడని గేటు పట్టుకుని సందు మలుపు దాకా చూశాను. తిరగలేదు. నా ఆయుధంతో నన్నే కొట్టి పోయాడు.

ఇక నేనే కట్టడానికి సిద్ధపడ్డాను. మా ఆయన స్టీలు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. "అంతంత ఇనుం కరిగిస్తారు, ఇంత గోడ కట్టలేరేటి?" అంటే, "మాది కరిగించే డిపార్ట్‌మెంటే, కట్టేది కాదు" అని ముసుగు పెట్టేశాడు. కారుని సందులోకి తోసేటప్పుడు మాత్రం లేచొచ్చి, కూతుర్ని అత్తారింటికి పంపుతున్నంత దిగులుగా దాని బానెట్ నిమిరాడు. తల్లి మెట్లెక్కుతుంటే అంత దిగులు నేనెప్పుడూ ఆయన మొహంలో చూడలేదు. నా మొహంలో ఆయనా చూసి ఉండడు.

ఫోనులో వీడియోలు చూసి పని నేర్చుకున్నాను. షెడ్డు గచ్చు గేటు వైపుకి వాలుగా ఉంది, కారు కడిగిన నీళ్ళు పోవడానికి. బత్తాయి పెడితే దొర్లుకుంటూ రోడ్డెక్కేసింది. ముందు ఆ వాలు పూడ్చాలి, తర్వాత గేటు ఉన్న చోట గోడ, ఒక మూల బాత్రూము. పైపుల పని ఒక్కటే ప్లంబరుకి వదిలాను.

ఆలస్యమంతా సామాను దగ్గరే. నేను తగరపువలసలో గిన్నెల కొట్టు గల్లాపెట్టె పక్కన పెరిగిన దాన్ని. పొద్దున్నే కొట్టు తెరిచి, నీళ్ళు చల్లి, అగరొత్తి వెలిగించాక గుమ్మం ఎక్కిన మొదటి మనిషిని ఖాళీ చేతులతో పంపడానికి ఏ షావుకారుకీ మనసొప్పదు. బోణీ పోతే రోజంతా పోయినట్టే. మా నాన్న బోణీ కోసం అసలుకే ఇచ్చేయడం ఎన్నిసార్లు చూశానో. అందుకని రోజూ అగరొత్తి వెలిగే వేళకి ఒక్కో కొట్టుకి వెళ్ళేదాన్ని. ఒక రోజుకి బోణీ ఒక్కటే కాబట్టి సామానూ ఒక్కటే. సోమవారం ఇటుకలు, మంగళవారం సిమెంటు. ఇసుక లేక బుధవారం ఖాళీ. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి చూసి, "ఏటే, ఈరోజు ఏటి కట్టావు?" అనేవాడు. "బేరం కట్టాను" అనేదాన్ని.

బాత్రూము తలుపు కూడా బోణీ బేరమే. కొట్లో గోడకి ఆనించి ఒక ప్లాస్టిక్ తలుపు విడిగా ఉంది. "ఇది ఒక్కటే ఎందుకు మిగిలింది బాబూ?" అన్నాను.

"కొంచెం సన్నమండి. సిన్న బాత్రూములకి బాగుంటాదండి."

"సన్నమా? ఇందులోంచి మనిసి పడతాడేటి? పిల్లి దూరడానికా?"

"అలాగనకండమ్మా. బోణీ వేళ."

పావుగంట పాటు ఆ తలుపులో మనిషి పట్టడని నేనే వాదించాను. ఆ వాదన మీదే ధర సగానికి దిగింది. ఆటోలో వేసుకుని ఇంటికొచ్చేసరికి ఆ సంగతి పూర్తిగా మర్చిపోయాను. బేరంలో అన్న మాట నిజమవుతుందని ఎవరనుకుంటారు?

మా ఆయన తలుపు ముందు నిలబడి భుజాలు కొలుచుకున్నాడు. "సన్నంగా ఉందే. మార్చీసుకో."

"బోణీ సరుకు వాపసు ఇవ్వకూడదు."

"ఎవలు సెప్పారు?"

"మా నాన్న."

మా నాన్న కొట్లో బోణీ చెంబు ఎవరైనా తిరిగి తెస్తే, ఆ మనిషి పేరు సాయంత్రం దాకా మా ఇంట్లో తిట్టుగా వాడేవాళ్ళం. ఆ తిట్టు నా మీదికి తెచ్చుకోవడం నా వల్ల కాలేదు. అంచేత తలుపుకి తగ్గట్టే గోడ కట్టాను. బకెట్టు పట్టుకుని నేను దూరి చూశాను, పట్టాను. అత్త నాకన్నా సన్నం. ఇంకేం కావాలి?

డిశ్చార్జి రోజు అత్త మా తోటికోడలి కారులోనే వచ్చింది. "ఎందుకైనా మంచిదని" అంటూ తోటికోడలు కారు ఇంజను ఆపకుండా బయటే నిలబడింది. గది నిజంగానే బాగుంది. టైల్స్ అక్కడక్కడా ఎత్తుపళ్ళలా ఉన్నా, లేత పచ్చ రంగు గోడలు, కిటికీలోంచి సందులో పోయే జనం, కూరగాయల బండి. అత్త మంచం మీద కూర్చుని కిటికీ వైపు చూసి, "ఇక్కడ కూకుంటే ఊరంతా కనబడతాదే" అంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"బాత్రూముకెల్లాలి" అంది తర్వాత.

ఆసుపత్రి వాళ్ళిచ్చిన నాలుగు కాళ్ళ వాకరు పట్టుకుని మెల్లగా నడిచింది. బాత్రూము గుమ్మం దగ్గర వాకరు రెండు పక్కలా ఠప్పున తగిలి ఆగిపోయింది. నేను అత్తని కొలిచాను గాని వాకరుని కొలవలేదు. పక్కకి తిప్పితే అత్తకి పట్టు దొరకలేదు. నేను చెయ్యి పట్టుకుని తీసుకెళ్దామంటే ఇద్దరం ఒకేసారి గుమ్మంలో పట్టం.

బయట నుంచి తోటికోడలి గొంతు: "పోన్లెండి అత్తయ్యా, మా ఇంట్లో గుమ్మాలు పెద్దవి. రండి, వెళ్ళిపోదాం."

అత్త నన్ను చూసింది. కోపంగా కాదు. కోపంగా చూసినా బాగుండేది.

ఆమెని మంచం మీద కూర్చోబెట్టి, "రెండు నిమిషాలు ఆపుకో అత్తా" అని సుత్తి తీశాను. గట్టి గోడ, చెయ్యి పడిపోతుందనుకున్నాను. మూడో దెబ్బకి తలుపు ఫ్రేముతో సహా నిలువునా రెండు వరసల ఇటుకలు జలజలా రాలాయి. సిమెంటులో కూడా నేను పొదుపు చేసిన విషయం అప్పుడు గుర్తొచ్చింది.

మా ఆయన ఒక ఇటుక పైకెత్తి, "ఇది గోడా, బిస్కట్టా?" అన్నాడు.

"ముందు సిమెంటు పెళ్ళలు తుడవండి" అన్నాను.

పైకెళ్ళి బీరువాలోంచి నా పాత చీర తెచ్చి, ఆ పగిలిన గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి దాని మీద వేశాను. వాకరు గుమ్మం దాటింది, అటొక జాన ఇటొక జాన మిగిలింది. అత్త లోపలికెళ్ళింది. మేమిద్దరం చెరో పక్కా చీర కొసలు పట్టుకుని నిలబడ్డాం. బయట కారు డోరు పడింది, ఇంజను చప్పుడు సందు చివరికి పోయింది.

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

"పిల్లా, నీ తోటికోడలు ఎల్లిపోనాదేటి?"

"ఎల్లిపోనాది అత్తా."

"అయితే నెమ్మదిగా వత్తాను. కంగారెట్టకండి."