బంతి లేవని నేల

ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌గా తొమ్మిదేళ్లు జీతం తీసుకున్నాను. నా ఆటకు వంకపెట్టేవాళ్లు ఇప్పటికీ తక్కువే. గొప్పలు పోతున్నానంటారా, అనుకోండి. అరిగిన మోకాళ్లు నావి.

నేర్చుకున్నది మాత్రం జమ్మలమడుగులో, ఎండిన పెన్న ఇసుకలో. మా బడి మైదానం నిండా నాపరాళ్ల ముక్కలు. దాని మీద దూకితే ఒంటి మీద తోలు మిగలదని మా డ్రిల్లు సారు ఆడపిల్లలందరినీ ఏట్లోకి తీసుకెళ్లేవాడు. రెండు కట్టెలు పాతి, మధ్యలో నన్ను నిలబెట్టేవాడు. ప్రొద్దుటూరు, పులివెందుల పోటీలు కూడా పాదాలు దిగబడే దుమ్ములోనే జరిగేవి. అక్కడ నా మీద గోలు కొట్టాలంటే అవతలివాళ్లకు తలప్రాణం తోకకొచ్చేది.

ఇంట గెలిచాం గదా, ఇక రచ్చ గెలుద్దామని బెంగళూరు వెళ్లాను. అక్కడొక క్లబ్బు జీతాలిచ్చి అమ్మాయిల జట్టు నడుపుతోంది. కీపర్ చోటు ఒక్కటే, పరీక్ష రెండు రోజులు. ఎంపిక కాకపోతే తిరిగొచ్చి అమ్మలాగా నర్సింగులో చేరాలని ఇంట్లో ఒప్పందం. నర్సింగు మంచిదే. నాకే సూది చూస్తే కళ్లు తిరుగుతాయి.

మొదటిరోజు ఎవరో దూరం నుంచి కొట్టిన బంతి వచ్చి నా ముందు పడింది. ఇసుకలో పడ్డ బంతి పడ్డచోటే ఉంటుంది, నింపాదిగా వంగి తీసుకోవచ్చు. అలవాటు కొద్దీ వంగాను. అది గడ్డి మీంచి లేచి నా తల దాటి వలలో పడింది. ఇంకో రెండు కూడా అలాగే పోయాయి. మిగతా అమ్మాయిలు నవ్వు దాచుకోలేదు. పరువు గంగలో కలిసింది. పెన్నలో కలుపుదామన్నా నీళ్లు లేవాయె. సిగ్గుతో, కోపంతో ఒళ్లు మండిపోయింది.

సాయంత్రం సారుకు ఫోన్ చేసి, మీరు నాకు తప్పు నేర్పారని మొహమాటం లేకుండా అనేశాను.

"నిజమే పాపా. నేనూ ఈడ తప్ప యాడా ఆడింది లేదు. కిందపడితే లేస్తాది గదా, మరి పడనిచ్చేది ఎందుకు? గోలు ఇడిసిపెట్టి ముందుకు పో."

మరునాడు గీత మీద నిలబడలేదు. బంతి గాల్లో ఉండగానే పరుగెత్తాను. ఇసుకలో పరుగెత్తిన కాళ్లకు ఆ గడ్డి తారురోడ్డుతో సమానం. ఒక్క బంతినీ నేల తాకనివ్వలేదు. కోచ్ నా పేరు రాసుకుంది. ఆ తర్వాత అందరూ నన్ను ధైర్యంగల కీపర్ అన్నారు. ధైర్యం కాదు, నాకు నేల మీద నమ్మకం లేదు, అంతే.

సారు ఒక్కసారే నా మ్యాచి చూడటానికి బెంగళూరు వచ్చాడు. ఆట అయ్యాక మైదానంలోకి దిగి, బంతి తీసుకుని చేతిలోంచి గడ్డి మీదికి వదిలాడు. లేచింది. మళ్లీ వదిలాడు.

"శానా లేస్తాంది పాపా," అన్నాడు, తలెత్తకుండానే.

నాకు ఏడుపొచ్చింది. ఆ రోజు ఫోన్లో అన్న మాటకు క్షమించమని అప్పుడు అడిగాను.