మంచం దిగిన పాపానికి

మా అక్కగారింటి నులకమంచానికి ఒక దుర్గుణం ఉంది. ఇటు నుంచి అటు ఒత్తిగిలితే చాలు, కిర్రుమని వంటింటిదాకా వినిపిస్తుంది. మంచంకోళ్లు బిగించాలని ఏటా అనుకుంటారు. అనుకున్నాక మళ్లీ ఏడాదిదాకా దాని జోలికి పోరు.

గోదావరి మీద రైలువంతెన కడుతున్న రోజులవి. రాజమహేంద్రవరంలో ఊరంతా ఏదో ఒక పని మీద పరుగెత్తుతోంది. నేను మాత్రం బడిలో పాఠం చెబుతూ చెబుతూ కుర్చీలోంచి జారిపడి, విషజ్వరం పేరిట ఆ పరుగులోంచి తప్పుకున్నాను. జ్వరం దిగాక డాక్టరుగారు నాకు మందుకు బదులు మంచం రాసిచ్చారు. కదలకుండా పడుకోవాలిట. తిరగబెడితే తన పూచీ లేదన్నారు. పడవెక్కి పెనుగొండ దగ్గర మా అక్కగారి ఊరు చేరాను.

ఒంట్లో సత్తువ లేదు. ముఖం మీది ఈగను తోలుకోవాలన్నా కాసేపు ఆలోచించవలసి వచ్చేది. అయినా పడుకోవడం కుదిరేది కాదు. అరుగు మీద మంచం, ఎదుట వీధి. పొలానికి వెళ్లే ఎదురింటి రైతు ఆగి, "ఏంటండీ మేష్టారూ, పడుకున్నారా?" అనేవాడు. మర్యాదకు అడిగే మాటే. నాకు మాత్రం ఇన్‌స్పెక్టరుగారు తనిఖీకి వచ్చినట్టుండేది. ఓనాడు లేచి కూర్చుని, లేదండీ, ఆలోచిస్తున్నానన్నాను. దేని గురించని అడిగాడు. ఏమీ తోచక వంతెన గురించన్నాను. సాయంత్రానికల్లా, నా సలహా లేనిదే దొరలు ఆ వంతెనకు రాయి పేర్చడం లేదని వీధంతా తెలిసిపోయింది.

ఇక ఆ పరువు నిలబెట్టుకునే ఓపిక లేక పెరట్లోకి పారిపోయాను. అక్కడ అక్క చింతపండు గింజ తీస్తోంది. నేనూ తీస్తానన్నాను. వద్దంది. వినలేదు. పొద్దువాలేదాకా ఎండలో కూర్చుని, ఒక మనిషి తిన్న అన్నానికి సరిపడా పని చేశానని తృప్తిపడ్డాను. నేను బాగుచేసిన పండులో గింజలు చాలావరకు క్షేమంగానే ఉన్నాయిట. అదంతా ఆవిడే మళ్లీ తీసుకోవలసి వచ్చింది.

మర్నాటికి జ్వరం తిరగబెట్టింది. ఈసారి అక్క నా మంచం పక్కనుంచి లేవలేదు. నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ, గంజినీళ్లు తాగిస్తూ, అడిగినవాళ్లకు బాగానే ఉన్నాడని చెబుతూ కూర్చుంది. ఆ చెప్పే గొంతు విన్నాక నాకు భయం వేసింది. చింతపండు పెరట్లో ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

చివరికి ఒంటికి చెమట పట్టి జ్వరం దిగింది. అక్క నా నుదురు ముట్టి చూసి, గోడ పట్టుకుని లేచి, గంజి కాయడానికి లోపలికి వెళ్లింది. ఆవిడ కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. నాకు పెరట్లోని చింతపండు జ్ఞాపకం వచ్చింది. ఆవిడ చూడకుండా కాస్తయినా సాయం చేద్దామని ఒక కాలు మెల్లగా కిందపెట్టాను.

మంచం కిర్రుమంది.

వంటింట్లోంచి అక్క కేక వేయలేదు. మామూలు గొంతుతోనే అంది:

"పడుకోరా. నువ్వు ఊరికే ఉంటే నాకో పని తగ్గుతుంది."