తప్పు కాగితానిది

ఇవాళ పొద్దున వంటింట్లోంచి మాడిన రవ్వ వాసన వచ్చింది. అంత రవ్వ దండగైందని ప్రాణం ఉసూరుమంది. మనవరాలి మీద కేకేయబోయి పెదవులు బిగబట్టుకున్నాను. అలా బిగబట్టుకోవడం నాకు వాణి దగ్గర అబ్బింది.

మాదాపూర్ గుట్టల మధ్య హైటెక్ సిటీ భవనం కొత్తగా లేచిన రోజులవి. హఫీజ్‌పేట్‌లో మా వెనక గదిలో వాణి కిరాయికుండేది. గుంటూరు వైపు పిల్ల. కూకట్‌పల్లిలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పేది. ఇంటర్నెట్‌లో ఎవరి కబుర్లు వారు రాసుకునే పేజీలు అప్పుడప్పుడే మొదలయ్యాయట. వాటిని బ్లాగులంటారని నేను చాలా తర్వాత విన్నాను. ఆ పేజీ ఏ రంగులో ఉండాలో, అక్షరాలు ఎంత ఉండాలో అన్నీ ఒక ఫైలులో రాసిపెడతారు. దాన్ని స్టైల్‌షీట్ అంటారు. దాన్ని మనకు నచ్చినట్టు ఎలా మార్చుకోవాలో వాణి తెలుగులో ఒక కాగితం మీద పాఠం రాసింది. పిల్లలకు అది ఎక్కలేదు. సగం మంది మధ్యలోనే మానేశారు. వచ్చే బ్యాచ్ కూడా ఇట్లాగే పోతే ఇక నువ్వూ రానక్కర్లేదని ఓనర్ అనేశాడు. ఆ సంగతి చెప్పి, ఒక ఆదివారం నన్ను సెంటర్‌కు వెంటబెట్టుకుపోయింది. పోగానే నేను మా నెత్తిమీది ఫ్యాన్ ఒక్కటి ఉంచి మిగతావన్నీ ఆపేశాను.

"అయిదు దాకనే చదివిన. నాతోని ఏమైతది బిడ్డా?"

"అందుకేనండి పిన్నిగారూ మిమ్మల్ని తెచ్చింది. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేయండి. నేను నోరు విప్పను."

కాగితం చూసుకుంటూ, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, పాత రంగు పేరు తీసేసి నీలం రంగు పేరు కొట్టాను. కింది వాక్యం, 'ఇప్పుడు పేజీ నీలంగా కనిపిస్తుంది' అని. పేజీ తెల్లగానే ఉంది. వాణి చెయ్యి కీబోర్డు దాకా వచ్చి ఆగింది. పెదవులు బిగబట్టుకుంది.

"ఏంది, చెడగొట్టిన్నా? నీ మిషన్ కరాబైతే నాకు తెల్వదు మల్ల!"

ఆమె తన చేతిని చూసుకుంది, కాగితం చూసింది, పకపకా నవ్వింది. మార్చిన ఫైలును సేవ్ చేయాలి, పేజీని మళ్లీ తెరవాలి. ఆ రెండు పనులూ ఆమె వేళ్లు వాటంతటవే చేసేస్తాయి గనక కాగితం మీదికి రానేలేదు.

"తప్పు మీది కాదు పిన్నిగారూ, కాగితానిది," అని ఆ వాక్యం కొట్టేసింది.

సాయంత్రం దాకా అదే పని. నేను ఆగిన చోటల్లా ఆమె కొట్టేసి తిరగరాసింది. నాకే విసుగొచ్చింది.

"నెత్తి మీద ఒకటి మొట్టరాదు? మా అమ్మ నాకు గట్లనే నేర్పింది."

"మొడితే మీరు బాగుపడతారేమో గానీ, పాఠం బాగుపడదు కదండీ!"

ఆ తర్వాతి బ్యాచ్ పిల్లలు చివరిదాకా కూర్చున్నారు. ఓనర్ మెచ్చుకున్నదీ లేదు, రావద్దన్నదీ లేదు. వాణి పెళ్లయి వెళ్లేదాకా మా వెనక గదిలోనే ఉంది. నేనేమీ మెత్తబడలేదు. దుబారా చూస్తే ఇప్పటికీ నోరు లేస్తుంది. కాకపోతే తిట్టేముందు, అసలు నేను చెప్పిందేమిటని ఒకసారి వెనక్కి చూసుకుంటాను.

మనవరాలు మాడిన మూకుడు పట్టుకుని గోడకానుకుని నిలబడింది.

"నేనేం చెప్పిన నీకు?"

"రవ్వ దోరగ వేయించుమన్నవు, నానమ్మా."

మంట సంగతి చెప్పనేలేదు. ఇన్నేళ్లుగా నా చెయ్యి దాన్ని తనంతట తానే తగ్గిస్తోంది.

"ముందు స్టవ్ చిన్నగ చెయ్. ఇగ రవ్వ పొయ్," అన్నాను.

పిల్ల జంకుతుంటే, రవ్వ డబ్బా మూత నేనే తీసిచ్చాను.