కడిగిన చెవి

2005లో తెనాలిలోని ఒక చిన్న ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉండేవాణ్ణి. కంటికి కనిపించని క్రిముల వెంటపడి, కళ్ళెదుట కూర్చున్న మనిషిని ఒక్క ప్రశ్నా అడగకుండా రెండుసార్లు రిపోర్టిచ్చిన ఘనత నాది.

ఆ మనిషి భట్టిప్రోలు మరియమ్మ టీచరు. కర్ణభేరికి చిల్లు పడి ఎడమ చెవి ఏళ్ళుగా కారుతోంది. చెవి ఆరితే తప్ప ఆపరేషన్ చెయ్యరు.

"పిల్లలు ఎక్కాలు తప్పు చెప్పినా వినపడట్లేదు బాబూ. ఆ సంగతి వెధవలకి తెలిసిపోయింది కూడా" అనేవారు.

చీమును స్వాబ్, అంటే దూదిపుల్లకు అంటించి, ప్లేటులోని మేత మీద రాసి వెచ్చగా ఉంచితే క్రిములు పెరుగుతాయి. అది కల్చర్. వాటి మీద మందు బిళ్ళలు పెడితే, పనిచేసే మందు చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. అది సెన్సిటివిటీ. టీచరు గారి ప్లేటులో రెండుసార్లూ ఏమీ మొలవలేదు. 'నో గ్రోత్' అని రాసిచ్చాను. అది నా బుర్రకే ఎక్కువ వర్తిస్తుందని అప్పుడు తోచలేదు.

బాపట్లలో ఆవిడను చూస్తున్న చెవి డాక్టరు గారు ఆ కాగితం చూసి, "నా చుక్కలకి క్రిములన్నీ చచ్చాయి, అవే వాడండి" అన్నారట. అయినా చెవి కారుతూనే ఉంది. అనుమానం వచ్చి, ఆ చుక్కలు పనిచేస్తున్నట్టు లేవని డాక్టరు గారికి ఫోన్ చేశాను.

"మందు రాసేది నేనా, నువ్వా? నీ పుల్లలేవో నువ్వు చూసుకో" అని పెట్టేశారు.

చూసుకున్నాను. మూడోసారి పుల్ల పెట్టబోతే చెవిలోంచి మందు వాసన.

"పొద్దున చెవిలో ఏమన్నా వేశారాండి?"

"నురుగు మందుతో కడిగి, చుక్కలు వేసుకొచ్చా. కంపు చెవితో మీ ముందు కూర్చుంటానా ఏంటి? ఎప్పుడూ అట్టాగే వస్తున్నా."

లోపలి క్రిములు క్షేమం. పుల్లకంటిన మందే ప్లేటులో ఏదీ పెరగనివ్వలేదు.

"నాలుగు రోజులు ఏమీ వెయ్యకుండా రండి."

"స్కూలుకెట్టా వెళ్ళనయ్యా?"

"దసరా సెలవులిచ్చారు కదండీ!"

చెవికి కొంగు అడ్డం పెట్టుకుని, సిగ్గుపడుతూనే వచ్చారు. మర్నాటికి ప్లేటంతా పచ్చగా సూడోమోనాస్ అనే మొండి క్రిమి. డాక్టరు గారి చుక్కల మందు బిళ్ళను ఆనుకునే హాయిగా పెరిగింది. ఇంకో రెండు మందులకు మాత్రం లొంగింది. ముందు ప్రశ్న, ఆ తర్వాతే పుల్ల అని ఆనాడు నేర్చుకున్నాను.

రిపోర్టులో మందుల పేర్లు అక్షరక్రమంలో రాయడం మా పద్ధతి. ఆ ఒక్క రిపోర్టులో మాత్రం డాక్టరు గారి మందును అన్నిటికన్నా పైన పెట్టి, 'రెసిస్టెంట్', అంటే లొంగదని, ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు గీశాను.

నెల తర్వాత ఆరిన చెవితో, ఆపరేషన్ తేదీతో టీచరు గారు వచ్చారు.

"రిపోర్టు చూసి డాక్టరు గారేమన్నారండి?"

"కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. పాత చీటీ చించేసి కొత్తది రాశారు."